చారల గ్రానైట్‌లో ఏముంది? ఎక్కడ కోస్తే అక్కడి జవాబు

కోనసీమలో ఇంటికి పునాది తీస్తే గునపానికి రాయి తగలదు. పైన ఒండ్రు, దాని కింద జిగురుమట్టి, ఇంకా దిగితే ఇసుక, నీళ్ళు. అమలాపురంలో తవ్వినా, రాజోలులో తవ్వినా ఇదే వరస. పొలం గట్టున కాలికి తగిలే రాయి కూడా ఎప్పుడో లారీలోనో ట్రాక్టర్లోనో ఊరు చేరిందే. అలాగని డెల్టాలో రాయి లేని ఇల్లు ఉండదు. పాత లోగిళ్ళలో రుబ్బురోలు, సన్నికల్లు, తిరగలి. కొత్త ఇళ్ళలో వంటింటి గట్టు మీద, మెట్ల మీద, గుమ్మాల దగ్గర గ్రానైట్. శ్లాబు లోపల నల్ల కంకర.

ఈ గ్రానైట్ బండల్లో అంతా ఒకే రంగులో ఉండేవి కొన్ని, తెలుపు నలుపు చారలు వంకర్లు తిరుగుతూ సాగేవి కొన్ని. షాపులో పేరు చెబుతారు, చదరపు అడుగు రేటు చెబుతారు. బండలో ఏ ఖనిజం ఎంత ఉందో చెప్పరు, అడిగేవాళ్ళూ తక్కువే. అడిగినా జవాబు అంత సులువుగా రాదు, ల్యాబ్‌కు పంపినా సరే. చారలు లేని గ్రానైట్‌లో ఖనిజాలు కలగలిసి ఉంటాయి కాబట్టి గుప్పెడు ముక్క చాలు, బండ మొత్తానికీ అదే లెక్క. చారల రాయిలో ఖనిజాలు విడిపోయి వరసలు కట్టి ఉంటాయి. తెల్ల చార మీద ముక్క తీస్తే ఒక రాయి, నల్ల చార మీద తీస్తే ఇంకో రాయి. ఎక్కడ కోశారు, ఎటు కోశారు, ఎంత ముక్క తీశారు అన్నది తేలకుండా ఇందులో ఏముందో తేలదు.

చారలు ఎలా పడ్డాయి

భూమి లోపల కరిగిన శిలాద్రవం తాపీగా చల్లారితే గ్రానైట్ అవుతుంది. ఆ నెమ్మదిలో గింజలు పెద్దవిగా పెరిగి, ఒక దిక్కంటూ లేకుండా ఒకదానిలో ఒకటి ఇరుక్కుంటాయి. చారలు పడాలంటే మామూలుగా ఆ తర్వాత ఇంకేదో జరగాలి. మార్కెట్‌లో చారల గ్రానైట్ పేరుతో అమ్ముడయ్యేదాంట్లో ఎక్కువ భాగం నైస్ అనే రూపాంతర శిల, అంటే వేడికి, ఒత్తిడికి రూపం మారిన రాయి. దాన్ని గ్రానైట్ అనడం మోసమేమీ కాదు, రాళ్ళ వ్యాపారంలో వాడే ప్రమాణాలు కూడా నైస్‌ను గ్రానైట్ల కిందే లెక్కేస్తాయి.

రాయి 20, 30 కిలోమీటర్ల లోతుకు దిగిపోయి బాగా వేడెక్కినప్పుడు మొత్తం ఒకేసారి కరగదు. ముందుగా పలుగురాయి, ఫెల్డ్‌స్పార్ అనే లేత రంగు ఖనిజం కలిసి కరుగుతాయి. పలుగురాయినే పుస్తకాల్లో క్వార్ట్జ్ అని రాస్తారు. ఆ ద్రవం సందులు వెతుక్కుంటూ పోయి తెల్ల చారలుగా గడ్డకడుతుంది. ఇనుము, మెగ్నీషియం ఎక్కువగా ఉన్న ఖనిజాలు వెనక మిగిలిపోతాయి: బయోటైట్ అనే నల్ల అభ్రకం, హార్న్‌బ్లెండ్, పైరాక్సీన్, గార్నెట్. దానికి తోడు పక్కల నుంచి ఒత్తిడి. అంత వేడి మీద రాయి విరగదు, సాగుతుంది. అడ్డదిడ్డంగా ఉన్న తెల్ల సిరలు కూడా సాగి సాగి చివరికి ఒకదాని పక్కన ఒకటి సర్దుకుంటాయి. అభ్రకం రేకులు ఒత్తిడికి అడ్డంగా పడుకుంటాయి. కొన్ని బండల్లో ఒకప్పటి మట్టి పొరలు, ఇసుక పొరల మధ్య తేడాయే చారగా మిగిలి ఉంటుంది. ఒకే బండలో ఇవన్నీ కలిసి ఉండొచ్చు. ఏ చార దేనివల్ల వచ్చిందో విడదీసి చెప్పడం అనుభవం ఉన్నవాళ్ళకూ కష్టమే.

ఇలాంటి రాళ్ళను చూడాలంటే డెల్టా వాసులు దూరం పోనక్కర్లేదు. పాపికొండల దగ్గర గోదావరి తూర్పు కనుమలను చీల్చుకుని వస్తుంది. అటు అన్నవరం, తుని వైపు పోయినా ఆ కొండల బంధువులే. ఇక్కడ ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి ఖొండలైట్. ఒడిశా కొండల్లోని కోంధు తెగ పేరు మీద 1902లో టి.ఎల్. వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త దీనికి ఆ పేరు పెట్టాడు. ఇందులో పలుగురాయి, ఫెల్డ్‌స్పార్‌తో పాటు ఎర్రటి గార్నెట్, సూదుల్లాంటి సిలిమనైట్, అక్కడక్కడ గ్రాఫైట్ ఉంటాయి. కోణార్క ఆలయంలో ఎక్కువగా వాడింది ఈ రాయినే. రెండోది చార్నకైట్. కోల్‌కతాలో ఈస్టిండియా కంపెనీ అధికారి జాబ్ చార్నాక్ సమాధి మీద ఉన్న రాయిని చూసి టి.హెచ్. హాలండ్ పెట్టిన పేరు ఇది. ఆ రాయి మాత్రం మద్రాసు పక్కనుంచి వెళ్ళింది. ఇందులో హైపర్‌స్థీన్ అనే పైరాక్సీన్ ఉంటుంది, తాజాగా పగిలిన చోట నూనె రాసినట్టు ముదురు ఆకుపచ్చగానో నీలంగానో కనిపిస్తుంది. తూర్పు కనుమల్లో గోదావరికి ఉత్తరాన ఉన్న భాగం సుమారు 100 కోట్ల ఏళ్ళ కిందట ఈ రూపం దిద్దుకుంది. అప్పుడు కొన్ని చోట్ల వేడి 900 డిగ్రీల సెల్సియస్ దాటిందని ఆ రాళ్ళలోని ఖనిజాలే చెబుతున్నాయి.

డెల్టాలో వాడే రాయంతా చారలదే అనుకోకూడదు. శ్లాబుల్లోకి, రోడ్ల మీదికి పోయే నల్ల మెటల్ చాలావరకు గౌరీపట్నం, పంగిడి, దుద్దుకూరు క్వారీల నుంచి వస్తుంది. అది బసాల్ట్. సుమారు 6.5 కోట్ల ఏళ్ళ కిందట దక్కన్ లావా పారినప్పుడు ఇక్కడిదాకా వచ్చి గడ్డకట్టింది. నదికి ఇవతల, రాజమండ్రి పక్కన కాతేరు దగ్గర కూడా బయటపడుతుంది. ఆ తర్వాత డెల్టా ఒండ్రు కిందికి దిగిపోతుంది. చమురు కోసం వేసిన బోర్లలో చాలా లోతున తగిలిన ఈ లావా పొరలకు భూగర్భ శాస్త్రంలో రాజోలు పేరే పెట్టారు. పైన గులకరాయి కూడా దొరకని ఊరి పేరు కింద ఉన్న రాతిపొరకు దక్కింది. బసాల్ట్‌లో గింజలు కంటికి కనపడనంత సన్నం. ప్లాజియోక్లేజ్ అనే ఫెల్డ్‌స్పార్, పైరాక్సీన్, కాస్త ఇనుప ఖనిజం, అంతే. ఒక లావా పొర నుంచి ఏ ముక్క తీసినా దాదాపు ఒకే లెక్క వస్తుంది. చారల బండకు ఆ సౌకర్యం లేదు.

ముక్క చేతికి తీసుకుంటే

పాలిష్ చేసిన ముఖం చూడటానికే గానీ చదవడానికి పనికిరాదు. కటింగ్ షాపుల బయట పడేసిన ముక్కల్లో విరిగిన అంచు ఉన్నది ఒకటి తీసుకుని, దుమ్ము కడిగి, తడి ఆరకముందే ఎండలో పట్టుకుని పదింతలు పెద్దదిగా చూపే భూతద్దంతో చూడాలి. తెల్ల చారలో గాజు పెంకులా, బూడిద రంగులో, ఎటు తిప్పినా చదునైన ముఖం చూపని గింజ పలుగురాయి. పాల రంగులోనో లేత గులాబీ రంగులోనో ఉండి, ముక్కను కాస్త వంచగానే అద్దంలా తళుక్కుమనేది ఫెల్డ్‌స్పార్. ఆ తళుకులో రూళ్ళ కాగితంలాంటి సన్నని గీతలు కనబడితే అది ప్లాజియోక్లేజ్. గీతలు లేకుండా గులాబీ రంగు తేలితే పొటాషియం ఫెల్డ్‌స్పార్ కావచ్చు, రంగు ఒక్కదాన్నీ నమ్మి ఖాయం చేయకూడదు.

నల్ల చారలో పని కొంచెం ఎక్కువ. పిన్నీసు మొనతో గీకితే రేకులుగా లేచివచ్చేది బయోటైట్. గోదావరి ఇసుకలో పిల్లలు ఏరుకునే కాకిబంగారం ఈ కుటుంబానిదే. రేకులుగా లేవకుండా, పొడవుగా, నల్లగా నిగనిగలాడేది హార్న్‌బ్లెండ్. దానిమ్మ గింజ రంగులో గుండ్రంగా ఉండి, దబ్బనంతో ఎంత గీకినా గీత పడనిది గార్నెట్. వేలికి వెండి మసి అంటితే గ్రాఫైట్. దారానికి చిన్న అయస్కాంతం కట్టి నల్ల చార మీద వేలాడదీస్తే ఎక్కడో ఒకచోట అటువైపు లాగుతుంది, అక్కడ మాగ్నటైట్ ఉంది. గట్టితనం కూడా ఉపయోగపడుతుంది. మోస్ కొలత మీద అభ్రకం 2.5 నుంచి 3, మామూలు చాకు 5.5, ఫెల్డ్‌స్పార్ 6, పలుగురాయి 7. చాకుతో గీస్తే రాయి మీద గీత పడకపోగా చాకు ఇనుమే వెండి గీతలా అంటుకుంటే ఆ గింజ ఫెల్డ్‌స్పార్‌కు తక్కువది కాదు. నిమ్మరసం పోసి చూసే షాపు పరీక్ష కూడా తప్పేం కాదు. కాకపోతే అది బండ పాలరాయా కాదా అన్నంతవరకే తేలుస్తుంది. గ్రానైట్‌లో ఏముందో దానికి తెలియదు.

ఇంట్లో చేయదగ్గ పరీక్షల్లో బరువు లెక్కే అన్నింటికన్నా నిక్కచ్చైనది. డిజిటల్ కాటా మీద ముక్కను తూచాలి. తర్వాత ఒక గిన్నెలో నీళ్ళు పోసి కాటా మీద పెట్టి, సున్నాకు తెచ్చి, ముక్కను దారంతో వేలాడదీసి అడుగుకు గానీ అంచుకు గానీ తగలకుండా పూర్తిగా ముంచాలి. అప్పుడు కాటా చూపే గ్రాములే ముక్క పరిమాణం, ఘన సెంటీమీటర్లలో. ముక్క బరువు 530 గ్రాములై, నీళ్ళలో ముంచినప్పుడు 200 చూపిస్తే సాంద్రత 2.65. పలుగురాయి సాంద్రత సరిగ్గా అంతే, ఫెల్డ్‌స్పార్లు దానికి అటూ ఇటూ. బయోటైట్ సుమారు 3, హార్న్‌బ్లెండ్ 3 నుంచి 3.4, గార్నెట్ 4 దగ్గర. తెల్ల చారను విడిగా తూస్తే 2.63, నల్ల చారను విడిగా తూస్తే 3.0 వచ్చిందనుకుందాం. బండ నుంచి రెండు చారలూ కలిసిన పెద్ద ముక్క 2.72 వస్తే, పరిమాణంలో పావు వంతు నల్ల చార ఉన్నట్టు. కంటికి మాత్రం అదే బండలో సగం నలుపే అనిపించవచ్చు. నలుపు కంటిని లాగుతుంది, అందుకే చూపుతో వేసే అంచనాలు ఎప్పుడూ నల్ల ఖనిజాలను ఎక్కువ చేసి చెబుతాయి.

మైక్రోస్కోప్ కింద

అసలు లెక్క మైక్రోస్కోప్ కింద తేలుతుంది. రాతి పలకను గాజు మీద అంటించి 0.03 మిల్లీమీటర్ల మందం వచ్చేదాకా అరగదీస్తారు. అంత పలచనయ్యాక నల్లగా కనబడ్డ హార్న్‌బ్లెండ్ కూడా ఆకుపచ్చ రంగులో వెలుతురును లోపలికి రానిస్తుంది. వెలుతురును ఒకే దిశలో కదిలేలా వడగట్టే పోలరాయిడ్‌ను కిందొకటి పైనొకటి అడ్డుపెట్టి తిప్పి చూస్తే ఒక్కో ఖనిజానిది ఒక్కో తీరు. పలుగురాయి బూడిద, తెలుపు రంగుల మధ్య మారుతుంది. ప్లాజియోక్లేజ్‌లో నలుపు తెలుపు పట్టీలు పక్కపక్కన వస్తాయి. మైక్రోక్లైన్ అనే పొటాషియం ఫెల్డ్‌స్పార్ గళ్ళ లుంగీలా కనిపిస్తుంది. గార్నెట్‌ను ఎటు తిప్పినా చీకటే. బయోటైట్ రేకుల మధ్య అక్కడక్కడ చిన్న నల్లటి వలయాలుంటాయి, వాటి నడుమ జిర్కాన్ గింజ ఉంటుంది. ఆ జిర్కాన్‌లోని యురేనియం కోట్ల ఏళ్ళుగా విడుదల చేసిన కణాలు చుట్టూ ఉన్న అభ్రకాన్ని కమిలించిన గుర్తులవి. గ్రానైట్ బండ వల్ల ఇంట్లో రేడియేషన్ అని తరచూ వచ్చే వాట్సాప్ టెన్షన్‌కు మూలం ఇలాంటి గింజలూ, ఫెల్డ్‌స్పార్‌లోని పొటాషియమూ. మామూలు బండల్లో వాటి పాలు చాలా స్వల్పం.

ఖనిజాల శాతం కట్టడానికి గింజలను లెక్కపెట్టరు, చుక్కలను లెక్కపెడతారు. స్లైడును కొద్దికొద్దిగా జరుపుతూ, ప్రతి జరుపుకూ గురిగీతల కింద ఏ ఖనిజం ఉందో రాసుకుంటూ పోతారు. వెయ్యి చుక్కల్లో 300 పలుగురాయి మీద పడితే 30 శాతం. ఈ లెక్కలో తప్పుకు అవకాశం ఎంతో కూడా ముందే చెప్పొచ్చు: వెయ్యి చుక్కలకు 30 శాతం వస్తే, నూటికి 95 సార్లు అసలు విలువ 27, 33 మధ్యన ఉంటుంది. చుక్కలు పెంచితే ఈ తేడా తగ్గుతుంది. చారల రాయికి వచ్చేసరికి ఈ ధైర్యం పనిచేయదు. మామూలు స్లైడు మీద రాతి పలక పొడవు 4 సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ, వెడల్పు రెండున్నర. చార మందం 3 సెంటీమీటర్లైతే స్లైడు మొత్తం ఒకే చారలో ఇమిడిపోవచ్చు. అప్పుడు పది వేల చుక్కలు లెక్కపెట్టినా తేలేది ఆ ఒక్క చార సంగతే.

అంకెలతో చూస్తే తేడా ఎంతో అర్థమవుతుంది. ఊహకు ఒక బండ తీసుకుందాం. 2 సెంటీమీటర్ల తెల్ల చార, 1 సెంటీమీటరు నల్ల చార, మళ్ళీ అదే వరస. తెల్ల చారలో పలుగురాయి 35, ఫెల్డ్‌స్పార్లు 60, నల్ల ఖనిజాలు 5 శాతం. నల్ల చారలో 10, 40, 50. రెండింటినీ మందం ప్రకారం కలిపితే బండ సగటు 27, 53, 20. ఇప్పుడు పేరు పెట్టాలి. శిలలకు పేర్లు పెట్టే అంతర్జాతీయ పద్ధతిలో నల్ల ఖనిజాలను పక్కనపెట్టి, పలుగురాయి, ఫెల్డ్‌స్పార్ల మొత్తంలో పలుగురాయి 20 నుంచి 60 శాతం మధ్య ఉంటేనే గ్రానైట్ అంటారు. ఫెల్డ్‌స్పార్లలో పొటాషియం రకం ఎంత అన్న షరతు ఇంకోటి ఉంది. తెల్ల చారలో పలుగురాయి 37 వస్తుంది, హాయిగా లోపలే. బండ సగటు 33, లోపలే. నల్ల చారలో సరిగ్గా 20, గడప మీద ఉంది. లెక్కలో ఒక్క శాతం తగ్గితే గ్రానైట్ కాకుండా పోతుంది. బండ మారలేదు, మనిషి మారలేదు, ముక్క తీసిన చోటు మారింది.

కోసే దిశ సంగతి ఇంకో ఎత్తు. ఆత్రేయపురం పూతరేకును అడ్డంగా కోస్తే రేకు, పంచదార, రేకు అని వరస కనబడుతుంది; పై రేకు ఒలిచి చూస్తే పంచదార ఉన్నట్టే తెలియదు. రాయీ అంతే. చారలకు అడ్డంగా కోసిన ముఖం మీద లెక్కపెట్టాలి, చుక్కల వరసలు చారలను దాటుకుంటూ పోవాలి, ఒక్కో వరస కనీసం నాలుగైదు చారలనైనా దాటాలి. చారలు మందంగా ఉంటే స్లైడులను వదిలేసి కోసిన పలక మీదే పని చేయడం మంచిది. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఆవిరి పట్టించి, సోడియం కోబాల్టినైట్రైట్ ద్రావణం పూస్తే పొటాషియం ఫెల్డ్‌స్పార్ పసుపుపచ్చగా మారుతుంది. ప్లాజియోక్లేజ్ తెల్లగానే ఉంటుంది, పలుగురాయి చెక్కుచెదరదు. అప్పుడు దాని మీద గళ్ళ పారదర్శక షీటు పరిచి లెక్కపెట్టుకోవచ్చు. ఆ ఆమ్లం ఎముకల దాకా కాలుస్తుంది, ల్యాబ్ బయట దాని జోలికి పోకూడదు.

ఇంత శ్రమెందుకు, ఎక్స్-కిరణాలతో రాయిని పరీక్షించే ఎక్స్‌ఆర్‌ఎఫ్ మిషన్లో పెడితే పోదా అంటారు చాలామంది. ఆ మిషన్ చెప్పేది మూలకాలు. సిలికా ఎంత, పొటాషియం ఎంత, ఇనుము ఎంత అని ఇస్తుంది. ఆ పొటాషియం ఫెల్డ్‌స్పార్‌లోదా, నల్ల అభ్రకంలోదా అన్నది దానికి పట్టదు. వంటింటి బండ విషయంలో ఆ రెండింటి మధ్య తేడా చాలా పెద్దది, ఒకటి గట్టిది, ఇంకోటి గోటికి లేచేది. ఖనిజాల పేర్లు కావాలంటే ఎక్స్‌ఆర్‌డీ అనే ఇంకో ఎక్స్-కిరణాల పరీక్ష చేయించాలి. రెండింటికీ రాయిని పొడి చేయాలి, ఎంత పెద్ద ముక్కను పొడి చేశారన్న ప్రశ్న మళ్ళీ మొదటికి వస్తుంది. చారల రాయికి కిలోల లెక్కన నలగ్గొట్టి, బాగా కలిపి, అందులోంచి చిటికెడు తీస్తేనే ఆ అంకెకు విలువ. అగ్గిపెట్టెంత ముక్క పంపించి మూడు దశాంశ స్థానాల రిపోర్టు తెచ్చుకోవడం డబ్బు దండగ.

బండగా, కంకరగా

చారల అమరిక తెలిస్తే బండ ఎక్కడ విరుగుతుందో ముందే చెప్పొచ్చు. అభ్రకం ఎక్కువున్న నల్ల చార రాతికి బలహీనమైన చోటు. వంటింట్లో సింకు కోసం బండను కోశాక ముందువైపు సన్నని పట్టీ మిగులుతుంది. చార ఆ పట్టీకి అడ్డంగా పోతే, బండ ఎక్కించేటప్పుడే అక్కడ టప్పున విరుగుతుంది. పొడవునా పోతే బతికిపోతుంది. మేస్త్రీలకు ఈ సంగతి చేతి అనుభవంగా తెలుసు. డిజైన్ అందంగా కలవాలని ఇంటివాళ్ళు పట్టుబట్టి బండను తిప్పించినప్పుడే తిప్పలు.

పాలిష్ విషయంలోనూ అంతే. ఫెల్డ్‌స్పార్, పలుగురాయి అద్దంలా తేరతాయి. అభ్రకం రేకు పాలిష్ రాయి కింద లేచిపోయి సూదిమొనంత గుంట మిగులుస్తుంది. వాటిని ఎపాక్సీ అనే గట్టిపడే జిగురుతో నింపి మెరిపిస్తారు. కొన్నేళ్ళకు ఆ పూత అరిగాక పసుపు, నూనె, చింతపండు పులుసు ఆ గుంటల్లోకే దిగుతాయి, మరక నల్ల చార వెంట వరసగా కనబడుతుంది. అమెరికా ప్రమాణం ప్రకారం కట్టడాల్లో వాడే గ్రానైట్ పీల్చుకునే నీరు బరువులో 0.40 శాతం మించకూడదు. ఆ పరీక్ష కూడా రెండు చారలూ కలిసిన ముక్క మీద చేస్తేనే అర్థవంతం. కొనే ముందు ఎపాక్సీ పట్టించని వెనకవైపు చార మీద నాలుగు నీటి చుక్కలు వేసి పది నిమిషాలు ఆగితే, ఏ చార నల్లబడిందో చూసి చాలా తెలుసుకోవచ్చు. అంతర్వేది, ఓడలరేవు లాంటి తీరపు ఊళ్ళలో ఇంటి బయట వేసే బండకు ఇంకో బెడద ఉంది. ఉప్పుగాలి తేమ ఆ సందుల్లోకి దిగి, ఆరి, ఉప్పు గింజకట్టినప్పుడల్లా రేకులను కాస్త కాస్త ఎడం చేస్తుంది. చారలో పైరైట్ లాంటి ఇనుప సల్ఫైడ్ ఉంటే తుప్పు మరకలు కారతాయి. దాన్ని ఏ యాసిడ్‌తో కడిగినా లాభం లేదు, యాసిడ్ ఇంకా ఇనుమును బయటికి లాగుతుంది.

కంకర విషయానికొస్తే, చారల రాయిని క్రషర్లో వేస్తే చార వెంటే చీలి పెంకుల్లాంటి ముక్కలు వస్తాయి. అభ్రకం పొడి రోబో ఇసుకలో చేరి కాంక్రీట్‌కు నీళ్ళు ఎక్కువ తాగిస్తుంది. అదీగాక, ఒత్తిడికి నలిగిన పలుగురాయి గింజలు మైక్రోస్కోప్ కింద తిప్పినప్పుడు ఒక్కసారిగా చీకటి కావు, నీడ అల చుట్టి పోయినట్టు కదులుతుంది. అలాంటి పలుగురాయి ఎక్కువుంటే సిమెంట్‌లోని క్షారాలతో ఏళ్ళ తరబడి నెమ్మదిగా ప్రతిచర్య జరిగి కాంక్రీట్ ఉబ్బి పగిలే ప్రమాదం ఉంది. ఆ చర్యకు తేమ కావాలి, కాలవ గట్ల మీద, లాకుల దగ్గర తేమకు లోటేముంది. కంకరను మైక్రోస్కోప్ కింద పరీక్షించే విధానం భారతీయ ప్రమాణం ఐఎస్ 2386 ఎనిమిదో భాగంలో ఉంది. చిన్న పనుల్లో దాన్ని ఎవరూ చేయించరు, వంతెనలకు, లాకులకు మాత్రం అడిగి తీరాల్సిన పరీక్ష.

ఇసుకలో మిగిలింది

కొండల్లోని చారలు డెల్టాకు బండలుగా రాకముందు నుంచే ఇసుకగా వస్తున్నాయి. త్ర్యంబకం దగ్గర పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచే గోదావరి పరీవాహకంలో దాదాపు సగం దక్కన్ బసాల్ట్. మిగతాదాంట్లో గోండ్వానా ఇసుకరాళ్ళు, బస్తర్ వైపు పాత నైస్‌లు, చివర్లో తూర్పు కనుమలు. అన్నీ కలిసి లంకల్లో పడతాయి. లంక ఇసుక గుప్పెడు తీసి తెల్ల కాగితం మీద పలచగా పరిస్తే ఎక్కువ భాగం గాజులాంటి పలుగురాయి. అక్కడక్కడ పాల రంగు, గులాబీ రంగు ఫెల్డ్‌స్పార్, మెరిసే అభ్రకం రేకు. కాగితం కింద అయస్కాంతం కదిపితే నల్ల గింజలు వెంట నడుస్తాయి.

దీన్ని చూసి పైన కొండల్లోని రాయి లెక్క కడదామంటే కుదరదు. ఫెల్డ్‌స్పార్ దారిలోనే కుళ్ళి మట్టిగా మారుతుంది. అభ్రకం రేకు తేలికగా, పలచగా ఉండటం వల్ల ఇసుకతో ఆగదు, ఒండ్రుతో పాటు కొట్టుకుపోయి కోరంగి మడ అడవుల బురద దాకా చేరుతుంది. బసాల్ట్ దాదాపుగా నల్లమట్టిగానే వస్తుంది. వేసవిలో డెల్టా చేలు నెర్రెలిచ్చేది ఆ మట్టి గుణం వల్లే. ఇసుకలో పలుగురాయి శాతం పెరగడానికి మిగతావి తగ్గిపోవడమే కారణం, అంతకుమించి దాని గొప్పేమీ లేదు.

సముద్రం దగ్గర ఖనిజాలు ఇంకోసారి విడిపోతాయి. అంతర్వేది తీరంలో అలలు తేలికైన పలుగురాయి ఇసుకను లాక్కుపోయి బరువైన గింజలను వదిలేస్తాయి, తెల్ల ఇసుక మీద నల్ల చారలు పడతాయి. ఆ నలుపులో ఇల్మనైట్, మాగ్నటైట్. మధ్య మధ్య ఎర్ర జీర గార్నెట్‌ది. జిర్కాన్, రూటైల్, మోనజైట్, సిలిమనైట్ కూడా ఉంటాయి. సాంద్రతలు చూస్తే కారణం తెలిసిపోతుంది: పలుగురాయి 2.65, గార్నెట్ 4 దగ్గర, ఇల్మనైట్ 4.7, మాగ్నటైట్ 5.2. మోనజైట్‌లో థోరియం అనే అణుధార్మిక మూలకం ఉంటుంది కాబట్టి ఈ ఇసుక మీద అదుపు ప్రభుత్వానిదే. ఇక్కడ కూడా ఒక చార మీద దోసెడు ఇసుక తీసి తీరమంతా ఇంతే అనడం బండ విషయంలో చేసే తప్పే, పైగా ఈ చారలు తుఫానుకొకసారి చోటు మారతాయి.

గింజల నిష్పత్తి చెదిరిపోయినా ఒక్కో గింజ లోపలి సంగతి చెదరదు. ఎలక్ట్రాన్ మైక్రోప్రోబ్ కింద పెడితే ఒక్క గార్నెట్ గింజలో ఇనుమెంత, మెగ్నీషియమెంత, మాంగనీసెంత అన్నది తెలుస్తుంది. ఎక్కువ వేడిలో పుట్టిన ఖొండలైట్ గార్నెట్‌లో మెగ్నీషియం ఎక్కువ, తక్కువ వేడిలో పుట్టినదాంట్లో మాంగనీసు, ఇనుము ఎక్కువ. జిర్కాన్ అయితే యురేనియం, సీసం నిష్పత్తితో వయసే చెబుతుంది. 95 నుంచి 100 కోట్ల ఏళ్ళు చూపించే గింజ తూర్పు కనుమలది అయ్యే అవకాశం ఎక్కువ. 250 కోట్లు, అంతకు పైన చూపిస్తే బస్తర్ వైపు నుంచి ఇంద్రావతి మోసుకొచ్చినదని అనుమానించాలి. చారల బండను కొలవడానికి పెద్ద ముక్క కావాలి. అదే బండ ఇసుకగా మారాక, ఎక్కడిదో చెప్పడానికి ఒకటొకటిగా ఏరిన వందో రెండొందలో గింజలు చాలు.